పాత ఇనుప కొట్లో ఒక ‘ల్లూ’

2022 ఏప్రిల్ 4న మా ఊరి జిల్లా మారింది. ఊరు మాత్రం అంగుళం కూడా కదల్లేదు. ముందురోజు రాత్రి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో పడుకున్న సూళ్ళూరుపేట, పొద్దున తిరుపతి జిల్లాలో నిద్ర లేచింది. పులికాట్ సరస్సు అవతలున్న శ్రీహరికోటదీ అదే కథ. రాకెట్లు ఇకనుంచి వెంకన్న జిల్లాలోంచి ఎగురుతాయని మా స్కూలు వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు జోకులు నడిచాయి.

జిల్లా మారితే ముందు మారాల్సింది బోర్డులు. చిన్న బోర్డులకి స్టిక్కర్ అంటించారు. రంగుతో రాసినవాటికి తెల్లరంగు పూసి మళ్ళీ రాశారు. ఆ పూత పల్చగా ఉన్నచోట ‘తిరుపతి’ వెనకనుంచి ‘నెల్లూరు’ తొంగి చూస్తూనే ఉండేది. ఇనుప రేకు కత్తిరించి కమానుకి బిగించిన అక్షరాలకి ఈ రెండు ఉపాయాలూ పనికిరావు. వాటిని ఊడదీయాల్సిందే.

ఆ వేసవిలో ఇంటికెళ్ళినప్పుడు, తుప్పుపట్టిన కూలర్ స్టాండు అమ్ముదామని పాత ఇనుప కొట్టుకి వెళ్ళాను. సైకిల్ రిమ్ములూ, పంపుసెట్టు పైపులూ, విరిగిన గ్రిల్లు ముక్కల మధ్య ఐదు పెద్ద అక్షరాలు కనిపించాయి. నె, ల్లూ, రు, జి, ల్లా. నీలం రంగు. అంచుల్లో తుప్పు.

“ఇవి ఎక్కడివన్నా?”

“ఏదో కమాను మీదివంట. ఇంక వాటితో పనేముందబ్బయ్యా? కరిగించాల్సిందే.”

“ఎంతకిస్తారు?”

ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. “కిలో లెక్క. నువ్వు చదువుకున్నోడివని అచ్చరాలకి ఎక్కువ తీసుకోన్లే.”

కూలర్ స్టాండు ఇచ్చి, పైన కొంత డబ్బు పెట్టి, ఐదు అక్షరాల్నీ ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాను. మా అమ్మ గుమ్మంలోనే అడిగింది, ఇనుము అమ్మడానికి పోయినవాడివి ఇనుము కొనుక్కొచ్చావేంట్రా అని. జవాబు అంత తేలిక కాదు. ఈ వ్యాసం ఆ జవాబే.

*

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కళ గురించి నాకున్న చదువంతా రాత్రిపూట ఫోన్లో చదువుకున్నదే. అలా కొన్నేళ్ళ కింద తారసపడ్డ పేరు జాక్ పియర్సన్. 1960లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ప్లిమత్‌లో పుట్టాడు. 1980లలో బోస్టన్లో ఫొటోలు తీస్తూ తిరిగిన ఒక మిత్రబృందం ఉంది. నాన్ గోల్డిన్, డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్, మార్క్ మొరిస్రో వంటివాళ్ళు. తర్వాత విమర్శకులు ఆ బృందాన్ని ‘బోస్టన్ స్కూల్’ అన్నారు. పియర్సన్ వాళ్ళలో ఒకడు.

1991 నుంచి అతను ఒక పని మొదలుపెట్టాడు. మూతబడ్డ సినిమాహాళ్ళూ, హోటళ్ళూ, కాసినోలూ, రోడ్డుపక్క దుకాణాల బోర్డుల్లోంచి ఊడిన అక్షరాల్ని పాత సామాన్ల కొట్లలో ఏరుకొచ్చి, గోడమీద ఒక మాటగా బిగించడం. అంతే. ఒక అక్షరం ప్లాస్టిక్, పక్కది రేకు. ఒకదానికి బల్బులు పెట్టిన చిల్లులు, ఇంకోదానికి ఎండకి వెలిసిన ఎరుపు. సైజులు కలవవు, వరస కుదరదు. కూడబలుక్కుంటే మాత్రం ఒక మాట వస్తుంది. తొలినాళ్ళ పనుల్లో ఒకదాని పేరు ‘స్టే’. ఉండిపో, అని.

నాలుగే అక్షరాలు. అయినా ఆ ఫొటో దగ్గర నా వేలు ఆగిపోయింది. అప్పటికి ఎయిడ్స్ ఆ తరాన్ని తుడిచిపెడుతోంది. మొరిస్రో 1989లో, ముప్ఫయ్యేళ్ళకే, ఆ జబ్బుతోనే పోయాడు. పియర్సన్ ఎవరిని ఉండమన్నాడో నేను చెప్పలేను. కానీ ఏ కొట్టు మూసేస్తే ఊడిందో తెలియని అక్షరాలతో, ఎవర్నో పోవద్దని అడగడంలో ఒక న్యాయం ఉందనిపించింది. ఆ అక్షరాలు కూడా పోవాల్సినవే. ఎవరో ఆపారు.

అమెరికాలో, యూరప్‌లో పాత బోర్డు అక్షరాలకి ఇప్పుడు గౌరవం వచ్చింది. లాస్ వేగాస్‌లో పాత నియాన్ బోర్డుల కోసమే ఒక మ్యూజియం ఉంది, అది 1996లో పెట్టింది. అక్కడ బోర్డులు పరిచి ఉంచిన పెరడుని ‘ఎముకల దొడ్డి’ అని పిలుచుకుంటారు. బెర్లిన్‌లో 2005లో ఉత్త అక్షరాల కోసం మ్యూజియం మొదలైంది. ఇవి దాచిపెట్టే పనులు. పియర్సన్ చేసింది వేరు. అతను అక్షరాలతో మళ్ళీ మాట్లాడించాడు.

మన దగ్గర పాత ఇనుముతో శిల్పం చేసేవాళ్ళకి కొదవ లేదు. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర నట్లూ బోల్టులతో గాంధీ విగ్రహం చేశారు. 2021లో వాళ్ళు చేసిన 14 అడుగుల మోదీ విగ్రహం దేశమంతా వార్తల్లోకెక్కింది. అక్కడ బండి చెయిన్లూ, గేర్లూ, బోల్టులూ కరిగిపోకుండా మనిషి రూపం తెచ్చుకున్నాయి. మన పాత ఇనుము మనిషి అవుతుంది, జంతువు అవుతుంది. మాట ఎందుకు కాదు? ఆ ఐదు అక్షరాలు ఇంటికి తెచ్చినప్పుడు నా బుర్రలో ఉన్నది ఈ ప్రశ్నే.

*

మిద్దెమీద పరిచి చూశాను. అటూ ఇటూ మార్చాను. ‘జిల్లా’ వచ్చింది. ‘నెల్లూరు’ వచ్చింది. ఇంకేమీ రాలేదు. ‘ల్లూ’తో మొదలయ్యే మాట తెలుగులో లేదు. దాన్ని ఎక్కడ పెట్టినా, ముందు ఏదో పోయిందన్నట్టే ఉంటుంది.

అదే ఇంగ్లీషులో రాసిన నెల్లూరు అయితే? ఏడు అక్షరాలు. వాటిలోంచి ‘ఒంటరి’ అనే అర్థమున్న లోన్ వస్తుంది, ‘గాథ’ అనే లోర్ వస్తుంది, ‘పాత్ర’ అనే రోల్ వస్తుంది, ఆఖరికి ‘నమోదు చెయ్యి’ అనే ఎన్‌రోల్ కూడా వస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒంటరి మనిషి. ఏ ఊళ్ళో దించినా అద్దెకి గది దొరుకుతుంది. పియర్సన్ ‘స్టే’లోని ‘టి’ ఒకప్పుడు థియేటర్‌లోదా, మోటెల్‌లోదా, టైర్ల కొట్టులోదా? చూసి చెప్పలేం. రంగునిబట్టీ, తుప్పునిబట్టీ దానికి ఒక వయసుందని మాత్రం తెలుస్తుంది. ఏ మాటలోంచి వచ్చిందో అది మరిచిపోయింది. అతని శిల్పాల్లోని దిగులు సగం ఆ మరుపులోంచే వస్తుందని నా ఉద్దేశం.

తెలుగు అక్షరం సంసారి. హల్లు, దాని గుణింతం, కింద వత్తు, అందరూ ఒకే ఇంట్లో. ‘ల్లూ’ని విడదీసి ‘ల’ ఒక్కదాన్నీ తీసుకోవాలంటే గ్యాస్ కట్టర్ కావాలి. పైగా బోర్డులకి అక్షరాలు కోసేవాళ్ళకి మన లిపి పెట్టే తిప్పలు వేరే ఉన్నాయి. వత్తు పై అక్షరానికి అంటుకోదు. ప, స, హ లాంటివాటి తలకట్టు ఒంటికి తగలదు. రేకు కోసి నిలబెట్టాలంటే ఈ ముక్కలన్నిటినీ ఎలాగో కలపాలి. నా ‘ల్లూ’ వెనక్కి తిప్పి చూస్తే, పై ‘లూ’కీ కింది వత్తుకీ మధ్య వేలెడు కడ్డీ వెల్డింగ్ చేసి ఉంది. ముందునుంచి కనబడకుండా దానికి గోడ రంగే పూశారు. ఎవరు చేశారో గాని, ఆ కడ్డీ చూశాక ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

వృత్తిధర్మం కొద్దీ పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. ఒక మాట ఇస్తే, దాని ముక్కలతో వేరే ఏ మాటలు చెయ్యొచ్చో పదాల జాబితాలో వెతికి చెప్పాలి. మొదటిసారి నడిపితే ఆశ్చర్యం: నెల్లూరులోంచి నెల, నూరు, నూలు, రెల్లు వరసగా వచ్చాయి. నెల్లు కూడా వచ్చింది. వరి అని అర్థం. ఊరి పేరు దాన్నుంచే వచ్చిందని చెప్పే మాట. మిద్దెమీద రానివి కంప్యూటర్లో ఎలా వచ్చాయి?

కంప్యూటరు దృష్టిలో నెల్లూరు మూడు అక్షరాలు కాదు, ఎనిమిది ముక్కలు. న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, కొమ్ము. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్లోనే తెలుగుకి చోటు దొరికింది. అక్కడ మన లిపిని విడి ముక్కలుగా దాచి, తెరమీద చూపించేటప్పుడు మాత్రం కలిపి అతుకుతారు. ఆ అతుకు ఎంత చిక్కుపనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికంతా తెలిసింది. ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. దానికోసం ఆపిల్ ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ వదలాల్సి వచ్చింది. ఆ వారం మా ఆఫీసులో తెలుగు రానివాళ్ళు కూడా నా సీటు దగ్గరికొచ్చి ఆ అక్షరం ఎలా పలకాలో నేర్చుకున్నారు. ‘జ్ఞానం’లో మొదటి అక్షరం అని చెబితే నవ్వారు.

విచిత్రమేమిటంటే, పియర్సన్ పుట్టిన దేశంలో అక్షరాలు గోడమీద మాటలవడం మొదలైందీ, తెలుగు అక్షరాలు కంప్యూటర్లో ముక్కలవడం మొదలైందీ ఒకే ఏడు.

*

అంతకుముందు తెలుగు అక్షరం విడివిడిగా బతికిన చోటు ఒకటుండేది. అచ్చాఫీసు.

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు తెలుగు నేల మీద అచ్చు కాలేదు. బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు 1746-47లో జర్మనీలోని హాలె నగరంలో వాటిని వేయించాడు. అప్పటినుంచి డీటీపీ వచ్చేదాకా, రెండువందల యాభై ఏళ్ళ పాటు మన పుస్తకాలు సీసపు అక్షరాలతోనే వచ్చాయి. ఇంగ్లీషు కంపోజిటరుకి చిన్న బడి, పెద్ద బడి రెండు అరలపెట్టెలు చాలు. తెలుగు కంపోజిటరు చుట్టూ వందల గళ్ళు ఉండాలి. గుణింతానికో గడి, వత్తుకో గడి. ఏ గడిలో ఏముందో ఆయన వేళ్ళకి తెలుసు.

ఫారం అచ్చయ్యాక అక్షరాల్ని కడిగి మళ్ళీ ఎవరి గడిలోకి వాళ్ళని పంపేవారు. నిన్న పెళ్ళి శుభలేఖలో ఉన్న ‘శ్రీ’ ఇవాళ కరపత్రంలోకి, రేపు కవిత్వంలోకి. అరిగిపోయేదాకా ఆ చాకిరీ. మన అక్షరాలు నిజంగా చేతులు మారింది అక్కడే. ఇంగ్లీషులో ‘ఎ’ తిరిగినట్టు మనకి ‘ల్లూ’ తిరిగింది, అక్షరం మొత్తంగా. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఆ సీసం కిలోల లెక్కన పోయింది. పాత ఇనుప కొట్టాయన లెక్కే.

*

ఇక రాయి సంగతి. రాతిమీది అక్షరాల్ని తిరిగి వాడటం మన దగ్గర ఇప్పటి అలవాటు కాదు.

తిరుమల గుడి గోడలు చూడని తెలుగువాడు అరుదు. చదివినవాళ్ళే తక్కువ. అక్కడి శాసనాల్లో ఎక్కువభాగం తమిళంలో ఉన్నాయి. 1930లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పూనికతో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. 13వ శతాబ్దంలో వీరనరసింగదేవ యాదవరాయల కాలంలో గర్భాలయానికి పెద్ద మరమ్మతు జరిగింది. పాత గోడ పోతే దానిమీది రాత కూడా పోతుంది. ఫలానా ఊరి పొలం మీద వచ్చే ఆదాయంతో ఫలానా దీపం వెలగాలన్న ఒప్పందం ఆ రాతలోనే ఉంది. అందుకని పాత శాసనాల్లో కొన్నింటిని కొత్త గోడమీద మళ్ళీ చెక్కించారు, ఇది పాత రాతికి నకలు అని చెబుతూ.

ఈ చివరి ముక్క నాకు భలే నచ్చింది. మేం ఫైలు ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చినప్పుడు కామెంటు రాసుకుంటాం, ఇది ఎక్కణ్ణుంచి తెచ్చిందో. ఎనిమిది వందల ఏళ్ళ కింద ఒక శిల్పి ఉలితో అదే పని చేశాడు. పియర్సన్ రాయిని కాపాడి మాటని వదిలేస్తాడు, అనుకోండి. తిరుమలలో రాయిని వదిలేసి మాటని కాపాడారు.

అమరావతిలో రెండూ పోయాయి. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్ళేసరికి స్తూపం దిబ్బని తవ్వి, రాళ్ళని కట్టడాలకి తీసుకుపోతున్నారు. చెక్కిన పలకలు మెట్లయ్యాయి, గోడలయ్యాయి, కొన్ని సున్నం అయ్యాయి. మిగిలినవాటిలో కొన్ని మద్రాసుకి, కొన్ని లండన్‌కి చేరాయి. అలా మిగిలిన ఒక ముక్కమీద వేటూరి ప్రభాకరశాస్త్రి ‘నాగబు’ అని చదివారు. మనకి దొరికిన తొలి తెలుగు మాట అదేనన్నారు. స్కూల్లో మేం అదే చదువుకున్నాం. రాయి విరిగింది కాబట్టి అది వేరే ఏదో పెద్ద పేరులో మొదటి సగమేనని వాదించినవాళ్ళూ ఉన్నారు.

1919లో జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విటర్స్ ఒక బ్యాంకు ప్రకటన చించి బొమ్మలో అతికించాడు. ‘కొమ్మెర్జ్’ అన్న మాటలో చిరిగి మిగిలిన ‘మెర్జ్’ కంటబడింది. దానికి అర్థమేమీ లేదు. జీవితాంతం తన కళ మొత్తాన్నీ ఆ పేరుతోనే పిలిచాడు. ‘నాగబు’ వెనక కూడా అలాంటి చిరుగే ఉంటే? అయినా నాకు అభ్యంతరం లేదు. విరిగిన ముక్కని చేతిలోకి తీసుకుని, ఇది మా మాట అని ఒక పండితుడు మురిసిపోయిన క్షణం కూడా తెలుగు చరిత్రలో భాగమే. కాకపోతే ఆ ముక్కకి ఒక అంచు ఉందనీ, ఆ అంచు దగ్గర ఏదో తెగిందనీ గుర్తుంచుకోవాలి. నా ‘ల్లూ’కి ఉన్నట్టే.

*

ఇప్పుడు మా ఊరి వైపు వస్తాను.

సూళ్ళూరుపేటనుంచి శ్రీహరికోటకి పులికాట్ మధ్యగా రోడ్డుంది. చలికాలంలో రెండు పక్కలా ఫ్లెమింగోలు. ఆ దారి మొదట్లో, సరస్సు ఒడ్డు పల్లెల్లో, గుడిసెల కప్పుల మీద నేను అక్షరాలు చదివేవాణ్ణి. పాత ఫ్లెక్సీలు. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పిన నాయకుడి నుదురు ఒక కప్పుమీద, గడ్డం పక్క కప్పుమీద. ‘శుభాకాంక్షలు’లో ‘కాంక్ష’ మాత్రం ఇటు, మిగతాది దడికి. తలకిందులుగా ‘ఘనస్వాగతం’. పైన తాటాకు, దానిమీద ఫ్లెక్సీ, గాలికి లేవకుండా రాళ్ళు. వాన కారకుండా ఉండటానికి.

పాత బోర్డు అక్షరాలతో మన దగ్గర ఎవరూ ఏమీ చెయ్యలేదన్న నా మాట అక్కడే తప్పని తేలింది. చేస్తూనే ఉన్నారు. మాట కోసం కాదు, నీడ కోసం. ఫ్లెక్సీకి ముందు రేకు బోర్డులదీ ఇదే దారి. దుకాణం మూసేస్తే బోర్డు దొడ్డి తలుపయ్యేది, నీళ్ళతొట్టికి మూతయ్యేది. మూలన ‘ఫలానా ఆర్ట్స్’ అని పెయింటరు పెట్టుకున్న సంతకం కూడా దాంతోపాటే వెళ్ళేది. ఫ్లెక్సీమీద ఆ సంతకం లేదు.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో అలాంటి రేకు ఒకటుండేది. కోళ్ళగూటికి తలుపు. నాకు ఊహ తెలిసేసరికి దానిమీద చదవడానికి మిగిలినవి రెండే అక్షరాలు: ‘కోట’. కోళ్ళు సాయంత్రం కోటలోకి పోతాయనీ, అందుకే పేరు రాశారనీ చాలాకాలం అనుకున్నాను. అది మా తాత శ్రీహరికోటలో నడిపిన చిన్న అంగడి బోర్డు అని తర్వాత తెలిసింది.

శ్రీహరికోట అంటే బయటివాళ్ళకి రాకెట్టు తప్ప ఇంకేమీ గుర్తురాదు. దానికి ముందు అది అడవి ఉన్న దీవి. 1835లో కంపెనీ ప్రభుత్వం మద్రాసుకి వంటచెరుకు కోసం దాన్ని తీసుకుంది. అప్పటికే అక్కడ యానాదులున్నారు. అడవిలో దొరికే తేనె, వేళ్ళు, మూలికలు వాళ్ళ బతుకు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన కులాల, తెగల సంపుటాల్లో వాళ్ళ గురించి రాశాడు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకి మరీ దూరం కాదు, జనం తక్కువ. దీవిలోని ఊళ్ళవాళ్ళు బయటికొచ్చారు. యానాదుల్లో కొంతమంది అక్కడే ఉండిపోయారు. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ మొదట ఎగిరింది. 2002లో కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు.

పేరు గురించి ఒక కథ చెబుతారు. ఒకప్పుడు అక్కడ అర కోటి శివలింగాలుండేవట, ‘అరకోటి’ కాస్తా శ్రీహరికోట అయిందట. శివుడి లింగాల్లోంచి హరి పేరు ఎలా వచ్చిందో నాకు అంతుపట్టదు గాని, కథ మాత్రం నాకిష్టం. ఆ లెక్కన ఊరి పేరు కూడా పాత ముక్కలతో కట్టిందే.

ప్రోగ్రాం చేతిలో ఉంది కదా, ఆ పేరు కూడా ఇచ్చి చూశాను. మొదట కంప్యూటరు పద్ధతిలో, పది ముక్కలుగా. ‘శర’ వచ్చింది. బాణం. కేంద్రానికి మొదట పెట్టిన ఇంగ్లీషు పేరు పొడి అక్షరాలు కలిపితే ‘షార్’, దాన్ని శరం అని చెప్పుకుని మురిసేవాళ్ళున్నారు. తర్వాత ‘శోక’. ఇంకాస్త కిందికి ‘శోకహర’. కంప్యూటరుకి దుఃఖమూ, దాని మందూ ఒకే జాబితాలో రెండు వరసలు.

రెండోసారి ఇనుప పద్ధతిలో ఇచ్చాను. ఏ అక్షరాన్నీ కొయ్యకూడదు, కమానుమీంచి ఊడదీసినవి ఊడదీసినట్టే వాడాలి. శ్రీ, హ, రి, కో, ట. అనుకున్నవే వచ్చాయి: శ్రీహరి, హరి, కోట. పేరులో ఉన్నవే, కొత్తగా పుట్టినవి కావు. వాటి తర్వాత, ఒక్కటే ఒక్క కొత్త మాట.

‘కోరి’.

చాలాసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాను. కోరి తెచ్చుకోవడం, కోరి వెళ్ళడం. ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళ పేరు లోపల ఆ మాట ఇన్నాళ్ళూ ఇమిడి ఉంది. దీన్ని యాదృచ్ఛికం అనే అంటాను. ఇంజనీరుని, అక్షరాల్లో జాతకాలు చూడను. కానీ పియర్సన్ నేర్పిన పాఠం ఒకటుంది. దొరికిన ముక్కలు ఏ మాట ఇస్తే ఆ మాట ముందు కాసేపు నిలబడాలి.

అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగాను, అప్పట్లో మీరు కోరి వచ్చారా అని. ఆమెకి ఎనభై దాటాయి. ప్రయోగం ఉన్న ప్రతిసారీ మిద్దెక్కి చూస్తుంది, మోకాళ్ళు పట్టేసినా సరే. ఎగిరితే చేతులెత్తి దండం పెడుతుంది.

“కోరిందెవరో ఏమో నాయనా, వచ్చింది మాత్రం మేం,” అంది. కాసేపాగి, “ఆ కోళ్ళగూటి రేకు ఏమైందిరా?” అని అడిగింది.

అదే నేనూ అడుగుదామనుకున్నది. ఇల్లు మళ్ళీ కట్టినప్పుడు పాత సామానుతో పాటు వెళ్ళిపోయింది. బహుశా నేను ‘ల్లూ’ కొన్న కొట్టుకే.

*

ఆ ఐదు అక్షరాలూ ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో ఉన్నాయి. నాలుగు గోడకి ఆనించి పెట్టాను. ‘ల్లూ’ని మాత్రం లోపల పుస్తకాల అర పక్కన గోడకి బిగించాను. వచ్చినవాళ్ళు ముందు దాన్నే చూస్తారు. ‘ఇదేంటి, సగం ఉంది?’ అంటారు. తెలుగు చదవగలిగిన ప్రతివాళ్ళూ దానికి ముందు ఏదో ఒక అక్షరం పెట్టి పలుకుతారు. నెల్లూరు వాళ్ళయితే ‘నె’ పెడతారు, ఆలోచించకుండా. ఒక స్నేహితురాలు ‘పల్లూ’ అంది. మా ఆవిడ ‘ముల్లూ’ అంది, అది తగిలి ఆమె చున్నీ చిరిగింది కాబట్టి.

పియర్సన్ ‘స్టే’ చూసినవాళ్ళు ఆ అక్షరాలు ఎక్కడివని అడుగుతారేమో గాని, ఏ మాటలోవని అడగరు. ‘ల్లూ’ని చూసినవాళ్ళు మొదట అడిగేది అదే. మన అక్షరం తన మాటని ఎక్కడో ఒకచోట పట్టుకునే ఉంటుంది. కొత్త మాట చేద్దామని తెచ్చినవాణ్ణి, పాత మాట వెతుక్కునేలా చేసింది. మన దగ్గర ఇలాంటి శిల్పం పుట్టకపోవడానికి కారణం బద్ధకమో, పేదరికమో కాదనీ, లిపే మనల్ని శిల్పం వైపు కాకుండా చరిత్ర వైపు తోస్తుందనీ నాకిప్పుడు అనిపిస్తోంది. తిరుమల గోడమీద ‘ఇది పాత రాతికి నకలు’ అని చెక్కిన శిల్పి, కడ్డీకి గోడ రంగు పూసిన వెల్డరు, రేకు ఏమైందని అడిగిన అమ్మమ్మ, ముగ్గురిదీ ఒకే ధ్యాస.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మళ్ళీ పాత ఇనుప కొట్టుకి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన గుర్తుపట్టాడు. “అచ్చరాల అబ్బయ్య వచ్చాడు” అని లోపలికి కేకేశాడు. ఈసారి నాకు ఒకటే అక్షరం కావాలన్నాను. ఏ బోర్డుదైనా పర్లేదు, ఏ రంగైనా సరే.

“ఏది?”

“ఇ.”

ఆయన గుట్టంతా కదిపాడు. దొరకలేదు. “వస్తే పక్కన పెడతాలే. దాంతో ఏం చేస్తావు?”

ముందు ‘ఇ’, పక్కన ‘ల్లూ’. ఇల్లూ వాకిలీ అంటాం కదా, అందులో సగం. చెప్పాను. ఆయన నవ్వలేదు.

“మరి వాకిలి?” అన్నాడు.